వణకని చెయ్యి

సున్నా.

స్క్రీన్‌ని తట్టాను. కేబుల్ పీకి మళ్ళీ పెట్టాను. అయినా సున్నానే. ఇనుప బల్లకి అవతల దావీదు మాత్రం తల వంచుకుని రాసుకుంటూనే ఉన్నాడు. యోనా, శాంతమ్మ, తిమోతి. యోనా, శాంతమ్మ, తిమోతి. పేజీ నిండితే ఇంకో పేజీ, మళ్ళీ అవే మూడు పేర్లు.

అవి అతను చంపిన వాళ్ళ పేర్లు.

బాపట్ల దగ్గర వాళ్ళ ఊళ్ళో ఇంటి వాటా గురించి గొడవైతే, తాగొచ్చి అన్న ఇంటికి నిప్పు పెట్టాడు. అన్న యోనా, వదిన శాంతమ్మ, వాళ్ళ చిన్న కొడుకు తిమోతి లోపలే ఉండిపోయారు. అప్పట్లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి అన్న కూతురు కెజియా ఒక్కతే మిగిలింది. కోర్టులన్నీ ఉరే అన్నాయి. ఇక మిగిలింది క్షమాభిక్ష కమిటీ ఒక్కటే. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి అది ఈ జైల్లోనే కూర్చుంటుంది. కూర్చోగానే మొట్టమొదట అడిగేది మా కలం ఏం చెప్పిందని.

"ఎంతొచ్చిందమ్మా?" అన్నాడు దావీదు తలెత్తకుండానే.

చెప్పకూడదని రూలు. కానీ నా మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పక్కన నిలబడ్డ వార్డర్ గురువులు వంగి స్క్రీన్ చూసి పెదవి విరిచాడు.

"సున్నా ఒచ్చీసింది దావీదూ. గత వారం వరకూ కాస్తో కూస్తో ఉండేది. ఏటైపోయింది నీకు?"

దావీదు కలం ఆపాడు. "సున్నా అంటే ఏందమ్మా? లోపల ఏమీ లేదనా?"

"అలాంటిదే," అన్నాను.

"మంచిదేగా తల్లీ," అని మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది, నిజం చెప్పాలంటే. ఒక మనిషి చావో బతుకో తేలడానికి కొన్ని గంటల దూరంలో ఉండి, నీ అంకె పడిపోయిందని చెబితే, మంచిదే అంటాడేంటి!

కలం గురించి చెప్పాలి. దాన్ని తయారుచేసిన మా ల్యాబ్ హెడ్ కామేశం సార్ పెట్టిన పేరు మనోలేఖిని. ల్యాబ్‌లో అందరం కలం అంటాం, గురువులు మాత్రం అబద్ధాల పెన్ను అంటాడు. లోపల వెంట్రుక కన్నా సన్నని సెన్సర్లుంటాయి. రాసేటప్పుడు మన చెయ్యి కంటికి కనపడనంత మెల్లగా వణుకుతుంది, అక్షరం మధ్యలో తడబడుతుంది, కాగితాన్ని ఒకసారి ఎక్కువగా ఒకసారి తక్కువగా ఒత్తుతుంది. వాటన్నిటినీ కలిపి కలం సున్నా నుంచి వంద వరకూ ఒక అంకె చేసి చూపిస్తుంది. అంకె పెద్దదైతే రాత గుండెలోంచి వస్తోందని అర్థం. చిన్నదైతే ఉత్త చెయ్యి రాస్తోందని, అంటే నటిస్తున్నాడని. ఉరి పడ్డవాళ్ళ చేత దీంతో రోజూ రాయిస్తాం.

మరి సున్నా ఎక్కడ పెట్టాలి? మనసు బొత్తిగా లేని రాత ఏదో ఒకటి కావాలి కదా. అప్పుడు సార్‌కి తట్టింది రామకోటి. ఒకే మాట లక్షలసార్లు రాసేవాళ్ళ మనసు ఆ మాట మీద ఎందుకుంటుంది, చెయ్యి దానంతటది పోతూ ఉంటుంది అని ఆయన లెక్క. మా అమ్మమ్మ ఎలాగూ విశాఖలో ఒక రామకోటి బృందంలో ఉంది. కలాలు సంచిలో వేసుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. అందరి గీతలూ ఒకేలా, ఇస్త్రీ చేసినట్టు వచ్చాయి. దానికే మేం సున్నా అని పేరు పెట్టాం.

నేను బయటికొచ్చి సార్‌కి ఫోన్ చేశాను.

"సున్నానా?" అన్నారాయన. "మొదటి రోజుల్లో తొంభై ఉండేది కదా. అంటే అప్పుడు బాగా నటించాడు, ఇప్పుడు విసుగొచ్చింది. సరే, నువ్వొక పని చెయ్. మీ ఇల్లు దగ్గరే కదా, వెళ్ళి రెండో కలంతో మీ అమ్మమ్మ గారి చేత ఒక పేజీ రాయించు. సున్నా సరిగ్గా ఉందో లేదో చూసి నాకు చెప్పు. కమిటీ ముందు నేను ఆ అంకె గట్టిగా చెప్పాలి హిమజా."

ఆటో ఎక్కాను. చేతిలో దావీదు రాసిన చివరి కాగితం ఫోటో ఉంది. ముప్పావు పేజీ ఆ మూడు పేర్లే. కింద మాత్రం రెండు మూడు వాక్యాలు, రోజూ వేరేవి. ఇవాళ్టివి ఇలా ఉన్నాయి:

"ప్రభువా, గోడ మీదికి ఎండొచ్చింది. మా అన్నోళ్ళు ఉన్నకాడ చీకటిగా ఉంటే ఈ ఎండ అటు పంపు. నాకు నిన్న వచ్చింది చాలు. రేపు కూడా రాయనిస్తే రాస్తాను."

ఇది నటనా? ఆటో కుదుపుల్లో మళ్ళీ మళ్ళీ చదివాను. ఇంత బాగా నటించగలడా ఎవడైనా? కానీ సున్నా. కలం అబద్ధం చెప్పదు కదా.

మా ఫ్లాటు రెండో అంతస్తు. అమ్మమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుని అప్పటికే రాస్తోంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి చేతిలోని పెన్ను లాక్కుని కలం పెట్టాను.

"చెప్పులు విప్పవే ముందు!"

"అర్జెంటు అమ్మమ్మా, రాయి, ఆపకు."

ఆవిడ గొణుక్కుంటూ మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే కింద కూరగాయల బండి వచ్చింది. మా అపార్ట్‌మెంట్లో ముసలివాళ్ళెవరూ కిందికి దిగరు, తాడు కట్టిన బుట్ట వదులుతారు. అమ్మమ్మ ఎడమ చేత్తో తాడు వదులుతూ, కుడి చేత్తో రాస్తూ, కిందికి అరుస్తోంది.

"బీరకాయలు లేతవేనా? నిన్న ఇచ్చినవి పీచు!"

"లేతవేనమ్మా! గిల్లి సూడండి, నీళ్ళు రాకపోతే డబ్బులొద్దు!" అని కింది నుంచి జవాబు.

"ఆ గిల్లేదేదో నువ్వే గిల్లి పంపు!"

నేను స్క్రీన్ వైపు చూసి ఆగిపోయాను.

యాభై రెండు.

శ్రీరామ అనే రాస్తోంది. అక్షరాలు చక్కగానే పడుతున్నాయి. మనసంతా బీరకాయల మీద ఉంది. అంకె మాత్రం యాభై రెండు. మనసు లేని రాతకి సున్నా రావాలి కదా!

బుట్ట పైకొచ్చింది. బీరకాయలు పక్కన పెట్టి, అమ్మమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. మొదట్లో పెదవులు కదిలాయి, తర్వాత కదలడం మానేశాయి. ముప్పై. పద్దెనిమిది. ఆరు. కింద బండివాడు ఎవరితోనో పోట్లాడుతున్నాడు, పక్కింట్లో కుక్కర్ కూసింది. అమ్మమ్మకి వినపడలేదు. రెండు. సున్నా.

నేను స్క్రీన్‌ని ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాను.

"అమ్మమ్మా," అన్నాను. పలకలేదు. "అమ్మమ్మా, మావయ్య ఫోన్ చేశాడా?"

అరవై ఒకటి!

"చేస్తాడు! పెళ్ళాం గుర్తుచేస్తే చేస్తాడు. వాడి ఊసెందుకిప్పుడు?"

"రాస్తూ ఉండు. నువ్వు రాసేటప్పుడు దేని గురించి ఆలోచిస్తావు?"

"దేని గురించీ కాదే. మొదట్లో అన్నీ వస్తాయి. మోకాళ్ళు, పాలవాడు, మీ మావయ్య. రాస్తూ ఉంటే విసుగొచ్చి అవే లేచిపోతాయి," అంది. "నువ్విలా పొడుస్తూ ఉంటే మటుకు పోవు. అవతలికి నడు."

కలం లాక్కుని, పక్కనున్న కరెంటు బిల్లు తీసి దాని మీద ఉన్నదంతా ఒక కాగితం మీద గబగబా ఎక్కించాను. ఏమీ పట్టించుకోకుండా, ఉత్త చేత్తో. ముప్పై ఎనిమిది. అదీ అసలు మనసు లేని రాత అంటే. అది సున్నా దగ్గర లేదు. ఎక్కడో మధ్యలో, కంగారు కంగారుగా ఉంది.

సున్నా అంటే ఖాళీ కాదు. చెయ్యి వణకడం మానేసిందంటే మనసు వచ్చి ఒక చోట కూర్చుందని. మేం నిండు కుండని చూసి, చప్పుడు లేదు కదా అని, ఖాళీ అని రాసుకున్నాం.

ఫోన్లో దావీదు గ్రాఫ్ తెరిచాను. మొదటి రోజు తొంభై ఒకటి. తర్వాత దిగుతూ, ఎక్కుతూ, మళ్ళీ దిగుతూ ఇవాళ్టికి సున్నా. అమ్మమ్మ గ్రాఫ్ దాని పక్కన పెట్టాను. ఆవిడకి పావుగంట పట్టింది, ఇతనికి నెలలు పట్టాయి. వాలు మాత్రం అదే.

అప్పుడు గుర్తొచ్చాడు పైడిరాజు.

పైడిరాజు మా కలంతో రాసిన మొదటి ఖైదీ. రోజూ రాసింది ఒక్కటే వాక్యం, "మళ్ళీ పొద్దు పొడిసింది" అని. పేజీలకి పేజీలు అదే. చివరికి సున్నా వచ్చింది. పశ్చాత్తాపం లేదని సార్ రిపోర్టు రాశారు, కమిటీ ఒప్పుకుంది. పోయినేడాది ఉరి తీశారు.

నేను మెట్లు ఎలా దిగానో నాకే తెలీదు. వెనక నుంచి అమ్మమ్మ "అన్నం తిని వెళ్ళవే!" అని అరవడం మాత్రం వినపడింది.

జైలు గేటు దగ్గర తనిఖీ పూర్తయ్యేసరికి నా ప్రాణం పోయింది. కమిటీ గది బయట వరండాలో కామేశం సార్ ఫైలు పట్టుకుని తిరుగుతున్నారు. ఆయనకి చెప్పాను. బీరకాయలు, మావయ్య, కరెంటు బిల్లు, రెండు గ్రాఫులు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడేలా ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను.

ఆయన నవ్వుతారనుకున్నాను. లేకపోతే తిడతారనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఫోన్ తీసుకుని రెండు గ్రాఫుల్నీ వేలితో దగ్గరికి జరిపి చాలాసేపు చూశారు. ఆయన సైంటిస్టు. నేను చెప్పింది నిజమని ఆయనకి నాకంటే ముందే అర్థమైపోయింది, మొహంలో కనపడింది.

"గొంతు తగ్గించు," అన్నారు మెల్లగా. "ఒక్క సాంపుల్‌తో సైన్స్ తలకిందులవ్వదు హిమజా."

"రామకోటి బృందం అంతా ఉంది కదా సార్. దావీదు ఉన్నాడు. ఇంకా..."

"ఇంకా?"

నేను పేరు చెప్పలేదు. ఆయనే వెళ్ళి ములాఖత్‌కి వచ్చేవాళ్ళ బెంచీ మీద కూర్చున్నారు.

"లోపలికెళ్ళి నేను సున్నా తప్పని చెబితే, రెండో ప్రశ్న ఏమిటో తెలుసా నీకు?" అన్నారు. "పైడిరాజుకి ఎంతొచ్చింది అని. అప్పుడు నేనేం చెప్పాలి? వాళ్ళావిడ ప్రతి వారం ల్యాబ్‌కి వచ్చేది. సార్, మంచి అంకె వచ్చిందా అని అడిగేది. పరీక్ష రిజల్ట్ అడిగినట్టు అడిగేది."

"చెప్పకపోతే ఇతన్ని కూడా చంపేస్తారు సార్."

"చంపితే చట్టం చంపుతుంది. చెబితే, పైడిరాజుని నేనే..." లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఫైలు తీసుకుని లేచారు. ఆ ఫైల్లో రిపోర్టు పాతదే. నేను వెనకే వెళ్ళాను, రమ్మని ఎవరూ అనకపోయినా.

గదిలో పొడుగాటి బల్ల ఉంది. మధ్యలో అధ్యక్షురాలు, రిటైర్డ్ జడ్జి సుభాషిణి గారు, అటూ ఇటూ కమిటీ సభ్యులు కూర్చున్నారు. ఒక చివర కెజియా, చేతులు ఒళ్ళో బిగించుకుని కూర్చుంది. నర్సు ఉద్యోగం చేస్తుందట. చనిపోయిన వాళ్ళ తరఫున మాట్లాడే హక్కు ఆమెది. ఇంకో చివర గురువులు పక్కన దావీదు నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు.

"చెప్పండి డాక్టర్ గారూ," అన్నారు సుభాషిణి గారు. "అంకె ఎంత?"

సార్ ఫైలు తెరిచారు. "సున్నా."

గదిలో ఎవరో నిట్టూర్చారు. సుభాషిణి గారు పెన్ను తీసి అంకె వేసుకున్నారు. "అంటే పశ్చాత్తాపం..."

"సార్!" అన్నాను నేను.

"ఎవరమ్మా నువ్వు? పిలవకుండా మధ్యలో మాట్లాడకూడదు."

"ఆ సున్నా తప్పండి. దయచేసి పశ్చాత్తాపం లేదని రాయకండి. ఆ కలం..."

"ఆ పెన్ను ఇలా ఇవ్వండి," అంది కెజియా.

అందరం ఆమె వైపు తిరిగాం. ఆమె నన్ను కాదు, సార్ ముందున్న కాగితాల్ని చూస్తోంది. దావీదు రాసిన పేజీలు. అంత దూరం నుంచి కూడా ఆ మూడు పేర్లు కనపడుతున్నాయి.

"అవి రాయడానికి ఈయనకేం హక్కుంది?" అంది. "మా తమ్ముడి పేరు రాయడానికి? అది రాస్తే సున్నానా? ఇటివ్వండి, నేను రాస్తాను. చూపిస్తాను ఎంతొస్తుందో."

సుభాషిణి గారు తల ఊపారు. నేను కలం తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. తి అని రాసింది. మో అని మొదలుపెట్టి ఆగిపోయింది. కలం కాగితాన్ని గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. స్క్రీన్ మీద తొంభై ఏడు.

"వాడి పేరు రాయడం మానేసి ఎన్నేళ్ళయిందో," అంది తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత తలెత్తింది. "ఈయన రాస్తే చెయ్యి వణకలేదా? అసలు?"

ఆ ప్రశ్న ఆమె అడిగింది సార్‌ని. సార్ బల్ల అంచు పట్టుకున్నారు.

"మొదట్లో వణికిందమ్మా," అన్నారు. "దాదాపు నీ అంతే వణికింది. నెలల తరబడి రాసి రాసి ఆగింది. చెయ్యి నిలబడితే మనసు లేదని మేం అనుకున్నాం. అది మా పొరపాటు. మా సున్నాయే తప్పు." ఆయన సుభాషిణి గారి వైపు తిరిగారు. "మీరు అడగక ముందే చెబుతున్నాను మేడమ్. పైడిరాజుకి వచ్చింది కూడా సున్నాయే. ఆ రిపోర్టు మీద సంతకం నాది."

గురువులు టోపీ తీసేశాడు, ఎందుకో మరి.

సుభాషిణి గారు తను రాసిన అంకెని కొట్టేశారు. "ఈ యంత్రాన్ని పక్కన పెట్టండి," అన్నారు. సార్ వైపు చెయ్యి చాపారు. "ఆ కాగితాలు ఇలా ఇవ్వండి. మేం ముందే చెయ్యాల్సిన పని. చదువుతాం."

చదివారు. ఒకరి తర్వాత ఒకరు, పైకి. గోడ మీద ఎండ. వాన పడిన రోజు మట్టి వాసన. అన్న చిన్నప్పుడు తనని భుజాల మీద ఎక్కించుకుని తిరునాళ్ళకి తీసుకెళ్ళడం. "ప్రభువా, కెజియా పాప నన్ను ఎప్పటికీ క్షమించకపోయినా పర్వాలేదు గానీ, దానికి రాత్రిపూట నిద్ర పట్టనీ" అన్న వాక్యం దగ్గర చదువుతున్న ఆయన ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"కెజియా," అన్నారు సుభాషిణి గారు. "నువ్వు చెప్పాల్సింది ఏమైనా ఉందా?"

ఆమె లేచి నిలబడింది. మొదటిసారి దావీదు వైపు తిరిగింది. అతను ఇంకా తల వంచుకునే ఉన్నాడు.

"చిన్నాన్నా. ఇటు చూడు."

చూశాడు.

"నేను నిన్ను క్షమించలా. అది నీకు తెలియాల." బల్ల మీది కాగితాల వైపు చెయ్యి చూపింది. "కానీ మా తమ్ముడి పేరు ఈ లోకంలో రోజూ రాసేది నువ్వొక్కడివే. నా వల్ల కావట్లా. నువ్వు పోతే అది కూడా పోతది." సుభాషిణి గారి వైపు తిరిగింది. "ఉరి వద్దండీ. బతికుండి రాయమనండి. చేతులు పడిపోయేదాకా రాయమనండి."

దావీదు ఈసారి తల దించుకోలేదు. "రాస్తానమ్మా," అన్నాడు. "రాస్తా."

ఆ సాయంత్రమే కమిటీ ఉరి రద్దు చేయమని సిఫారసు పంపింది. తర్వాత ఉత్తర్వు వచ్చింది, యావజ్జీవం. కలాన్ని ఇక ఏ జైలూ వాడకూడదన్నారు. ల్యాబ్ మీద విచారణ నడుస్తోంది, మా అందరి ఉద్యోగాలూ గాల్లో దీపంలా ఉన్నాయి. సార్ మాత్రం ఎవరూ అడక్కుండానే పైడిరాజు వాళ్ళావిడని వెతుక్కుంటూ వాళ్ళ ఊరెళ్ళొచ్చారు. ఆవిడ ఏమన్నారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

నిన్న ఉదయం సార్ మా ఇంటికి వచ్చారు. అమ్మమ్మ బాల్కనీలో రాసుకుంటోంది. ఆయన ఆవిడ పక్కన కింద కూర్చుని, జేబులోంచి కలం తీశారు. దాని స్క్రీన్ నా చేతికిచ్చి, అమ్మమ్మని ఒక తెల్లకాగితం అడిగారు. ఆవిడ ఏమిటి, ఎందుకు అని అడగలేదు. కాగితాలు ఇచ్చి, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది.

పైడిరాజు, అని రాశారు సార్. పైడిరాజు. పైడిరాజు.

తొంభై మూడు. పేజీ నిండే సరికి తొంభై నాలుగు.

"తగ్గడం లేదండీ," అన్నారాయన, చిన్నపిల్లాడిలా.

అమ్మమ్మ తన రాత ఆపలేదు.

"తొందరేముంది నాయనా," అంది. "పేజీ తిప్పు."